గడువు ఎవరిది?

పట్టుదల ఎప్పటిదాకా? ఏ రోజు నుంచి దాన్ని మొండితనం అనాలి? కాచిగూడ స్టేషన్‌కు కూతవేటు దూరంలో కాపురముండే ఒక రిటైర్డ్ లోకో పైలట్‌కూ, అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్-1కు చదివే ఆయన మేనకోడలికీ మధ్య వాదన ఎటు తిరిగినా చివరికి ఇక్కడికే వస్తుంది. మామూలుగా మన ఇళ్లలో పెద్దవాళ్లు కుదురుగా ఉండమంటారు, పిల్లలు దారి మారుస్తామంటారు. వీళ్లిద్దరి దగ్గర అది తిరగబడింది.

మామయ్య: కోపం తెచ్చుకోకుండా విను బిడ్డా. 2022 నుంచి నీ కథ చూస్తూనే ఉన్నా. ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్ వేశారు. అక్టోబర్ 16న ప్రిలిమ్స్ రాశావు. పేపర్ లీకయిందని మార్చిలో రద్దు చేశారు. 2023 జూన్ 11న మళ్లీ రాశావు. బయోమెట్రిక్ తీసుకోలేదని హైకోర్టు దాన్నీ కొట్టేసింది. 2024 ఫిబ్రవరిలో పాతది ఎత్తేసి 563 పోస్టులకు కొత్తది ఇచ్చారు. జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్, అక్టోబర్‌లో మెయిన్స్. ఆ తర్వాత ఫలితాల మీద కేసులు. ఇంతా చేస్తే లిస్టులో నీ పేరు లేదు. ఇక చాలు, వేరే దారి చూసుకో.

మేనకోడలు: తేదీలు నాకంటే నువ్వే బాగా చెప్పావు మామా. కానీ అందులో నేను తప్పింది ఎన్నిసార్లు? ఒక్కసారి. మొదటి రెండుసార్లు తప్పింది పరీక్ష, నేను కాదు. పెట్టినవాళ్లు సరిగా పెట్టలేకపోతే రాసినదాన్ని నేనెందుకు దారి మార్చుకోవాలి?

మామయ్య: తప్పెవరిదని నేనడగలేదు. తప్పు వాళ్లదే. వయసు మాత్రం నీది. రద్దయిన పరీక్షకు మార్కులు లెక్కలోకి రావు, ఆ ఏడాది మాత్రం నీ లెక్కలోకే వస్తుంది. ముప్పై దాటింది. సివిల్ ఇంజనీరింగ్ చదివి, సైటులో పనిచేసి, దాన్ని వదిలి వచ్చావు. ఇప్పుడు ఆ చదువు కూడా తుప్పు పడుతోంది.

మేనకోడలు: నువ్వు ఇంకో పది నిమిషాల్లో ఏమంటావో నాకు తెలుసు. పెట్టిన ఖర్చు ఎలాగూ తిరిగి రాదు, దాన్ని చూసుకుని ఇంకా పెట్టొద్దు అంటావు. ఎకానమీలో నేనూ చదివాను. బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి కాంకార్డ్ విమానం మీద డబ్బు పోస్తూనే పోయారు. చివరికి విమాన సంస్థలు నడిపినవి 14 మాత్రమే. ఆపితే ఇంతవరకూ పెట్టింది వృథా అవుతుందని ఆపలేదు. ఆ పాఠం మీద ప్రశ్న వస్తే రాయగలను. కానీ నాది ఆ కథ కాదు. చదివిన తెలంగాణ చరిత్ర, పాలిటీ ఎక్కడికీ పోలేదు. మొదటిసారి కంటే మూడోసారి బాగా రాశాను, మెయిన్స్ దాకా వెళ్లాను. చేయి అందుకుంటున్నప్పుడు వెనక్కి తీసుకోమంటావా?

మామయ్య: బాగా రాయడం వేరు, దొరకడం వేరు. ఆ ప్రిలిమ్స్ రాసినవాళ్లు మూడు లక్షల పైమాట. పోస్టులు 563. అయిదు వందల మందిలో ఒక్కరికి కూడా రాదు. నీ పక్క కుర్చీలో కూర్చున్నవాళ్లు కూడా ప్రతిసారీ ముందుకంటే బాగానే రాస్తున్నారు కదా?

మేనకోడలు: లాటరీ అయితే నువ్వన్న లెక్క సరే. ఇది లాటరీ కాదు. ఊరికే ఫీజు కట్టి వచ్చినవాళ్లు, సెలవు రోజు కదా అని రాసినవాళ్లు ఆ మూడు లక్షల్లో ఎంతమంది? మెయిన్స్‌కు పిలిచింది 31 వేల మందిని. ఆరు పేపర్లూ కూర్చుని రాసినవాళ్లు ఇంకా తక్కువ. అసలు పోటీ వాళ్లతోనే.

మామయ్య: సరే, లెక్కలు వదిలెయ్. నా సంగతి చెప్తా. నేను రైల్వేలో చేరినప్పుడు ఫైర్‌మన్‌ని. పార పట్టుకుని టెండర్‌లోంచి బొగ్గు తోడి ఫైర్‌బాక్సులో విసరాలి. ఊరికే విసిరితే కాదు, మంట పల్చగా ఉన్నచోట చూసి పడెయ్యాలి. ఓ కన్ను బాయిలర్‌లో నీళ్ల మట్టం చూపే గ్లాసు మీద ఉండాలి. అప్పట్లో మా కాచిగూడ గర్వమంతా అజంతా ఎక్స్‌ప్రెస్. ఇక్కణ్నుంచి మన్మాడ్‌కు మీటర్ గేజ్ మీద పోయేది. 1967లో దాని సగటు వేగం గంటకు 42.5 కిలోమీటర్లు. దేశంలో మీటర్ గేజ్ ఆవిరి బళ్లన్నిటికంటే అదే ఎక్కువని పాత డ్రైవర్లు మీసం తిప్పుతూ చెప్పేవాళ్లు. మరి ఏమైంది? 1992లో దేశమంతా ఒకే గేజ్ అన్నారు. వెయ్యి మిల్లీమీటర్ల పట్టాలు పీకి 1,676 మిల్లీమీటర్లవి వేశారు. నువ్వు ఎంత వేగంగా పోతున్నావని ఎవరూ అడగలేదు. చిన్న గేజ్ మీద అందరికంటే ముందుండడం గేజ్‌ను కాపాడలేదు. నువ్వు బాగా రాస్తున్నావు అంటే నాకు అదే గుర్తొస్తుంది.

మేనకోడలు: మరి నువ్వేం చేశావు?

మామయ్య: డీజిల్ ట్రైనింగ్‌కు వెళ్లాను. మా బ్యాచ్‌లో కొందరు ఆవిరి ఇంజన్ ఎక్కడికి పోతుందిలే అని కూర్చున్నారు. పార పట్టుకున్న చేతికి డీజిల్ ఇంజన్ మొదట్లో బొమ్మలా అనిపించింది. సిగ్గు కూడా వేసింది, పాత పనిలో నేను ఉస్తాద్‌ని, కొత్త పనిలో పిల్లకాయని. అయినా పోయాను.

మేనకోడలు: ఇక్కడే నిన్ను పట్టుకుంటా మామా. నిన్ను మారమన్నది ఎవరు? రైల్వే. ట్రైనింగ్ ఇచ్చింది రైల్వే. నేర్చుకుంటున్నన్నాళ్లూ ఒకటో తారీఖు జీతం పడింది. క్వార్టర్ ఖాళీ చెయ్యలేదు, పాసులు పోలేదు. నువ్వు దారి మార్చలేదు, నీ కింద దారిని మార్చారు. నేను మారితే నా కింద ఏముంది? పదేళ్ల కింద చదివిన సివిల్ ఇంజనీరింగ్ పట్టుకుని ఆఫీసుకు పోతే, ఇన్నేళ్లు ఏం చేశావని మొదటి ప్రశ్న. గ్రూప్స్‌కు చదివానంటే రెండో ప్రశ్న ఉండదు, లేచి పంపించేస్తారు. జీతంతో మారినవాళ్లకు, మారడం మనోధైర్యం సంగతి. నాకు హాస్టల్ బిల్లు సంగతి.

మామయ్య: ఈ మాట కాదనలేను. కానీ నా ఉద్యోగంలో ఇంకోటి ఉంది, అది జీతం గురించి కాదు. రోడ్ లెర్నింగ్ అంటాం. ఎంత సీనియర్ అయినా కొత్త సెక్షన్‌లో బండి చేతికివ్వరు. ఆ దారి తెలిసిన డ్రైవర్ పక్కన కూర్చుని పగలూ రాత్రీ కొన్ని ట్రిప్పులు తిరగాలి. ఏ సిగ్నల్ ఎక్కడుంది, ఎక్కడ ఎక్కుడు, ఎక్కడ దిగుడు, ఏ వంపులో వేగం తగ్గించాలి, ఏ గేటు దగ్గర కూత వెయ్యాలి, అన్నీ కంటికి పట్టాక, దారి తెలిసిందని సంతకం పెడతాం. అప్పుడే బండి. చాలా నెలలు ఆ దారిన పోకపోతే మళ్లీ నేర్చుకోవాల్సిందే. నేను నిన్ను రేపే మానెయ్యమనడం లేదు. రెండో దారి నేర్చుకోవడం మొదలుపెట్టావా అని అడుగుతున్నా.

మేనకోడలు: ఇందాక "ఇక చాలు" అన్నావు. ఇప్పుడు "రెండో దారి" అంటున్నావు. మాట మార్చావు.

మామయ్య: మార్చాను. తప్పేముంది? మార్చుకోవడం గురించే కదా మాట్లాడుతున్నాం.

మేనకోడలు: అయితే నేనూ ఒకటి చెప్తా. నువ్వు సగం మనసుతో డీజిల్ నేర్చుకుని సగం మనసుతో బొగ్గు వేశావా? ఆరు పేపర్లు, తొమ్మిది వందల మార్కులు. పొద్దున ఎనిమిదింటికి చిక్కడపల్లి లైబ్రరీకి పోకపోతే ప్లగ్గు పాయింటు ఉన్న కుర్చీ దొరకదు. మధ్యాహ్నం అయిదు రూపాయల భోజనం తిని మళ్లీ అదే కుర్చీ. రాత్రి లైట్లు తీసేదాకా అక్కడే. ఇలా చదివేవాళ్లతో నాకు పోటీ. నేను సాయంత్రాలు ఇంకేదో నేర్చుకుంటూ కూర్చుంటే వాళ్లు అంతవరకూ ముందుకు పోతారు. మన కాచిగూడ తారకరామ థియేటర్ వైపు చూడు. ఆ పేరున్న మనిషి మద్రాసు సర్వీస్ కమిషన్ పరీక్ష నెగ్గి, 1947లో సబ్‌రిజిస్ట్రార్‌గా చేరి, మూడు వారాలకే వదిలేశాడు. సినిమాలకు పోయాడు. ఒక కాలు ఇక్కడ, ఒక కాలు అక్కడ పెట్టలేదు.

మామయ్య: నాకు పనికొచ్చే కథ నువ్వే చెప్పావే! ఎన్టీఆర్ మారాడనే కదా నా పాయింటు. నువ్వు ఏ ఉద్యోగం కోసం ఇన్నేళ్లు కూర్చున్నావో అలాంటిదాన్ని ఆయన దొరికాక వదిలాడు. మళ్లీ 1982 మార్చి 29న పార్టీ పెట్టాడు, తర్వాతి జనవరిలో ముఖ్యమంత్రి. అప్పటికి యాభై తొమ్మిదేళ్లు.

మేనకోడలు: ఆ ముఖ్యమంత్రే వచ్చీ రాగానే ప్రభుత్వ ఉద్యోగుల రిటైర్మెంట్ వయసు 58 నుంచి 55కి దించాడు. తాను యాభై తొమ్మిదేళ్లకు కొత్త ఉద్యోగంలో చేరి, యాభై అయిదేళ్లవాళ్లను ఇళ్లకు పంపాడు! తర్వాత మళ్లీ 58 చేశారులే. నేను చెప్పేది ఏంటంటే, తన దారి తాను మార్చుకునేవాడు ఒకడు, ఇంకొకడి సంతకంతో దారి మారిపోయేవాళ్లు వేలమంది. గెలిచినవాడి కథ థియేటర్ మీద పేరై నిలుస్తుంది. అలాగే ఉద్యోగం వదిలి మద్రాసు రైలెక్కి, వేషం దొరక్క తిరిగొచ్చినవాళ్ల పేర్లు ఎక్కడున్నాయి? వాళ్లను లెక్కలో వెయ్యకుండా మారమని చెప్పకు.

మామయ్య: సరే, వాళ్లనూ వేస్తా. దానికి బదులు నువ్వూ ఒకటి లెక్కలో వెయ్యి. లిస్టులో పేరొచ్చినవాళ్ల ఇంటర్వ్యూలే పేపర్లో వస్తాయి, ఆరేళ్లు, ఏడేళ్లు కష్టపడ్డామని. అంతే కష్టపడి ఊరికి పోయినవాళ్ల ఫొటో ఎవడు వేస్తాడు? వదిలి మునిగినవాళ్లు కనిపించనట్టే, వదలక మునిగినవాళ్లూ కనిపించరు.

మేనకోడలు: ఒప్పుకుంటా.

మామయ్య: ఇప్పుడు నన్ను అన్నిటికంటే భయపెట్టేది చెప్తా. సివిల్స్‌కు గడువు ఉంది. జనరల్ వాళ్లకు ముప్పై రెండేళ్లు, ఆరు ప్రయత్నాలు. బీసీలకు ముప్పై అయిదు, తొమ్మిది. గడువు దాటాక యూపీఎస్సీయే తలుపేస్తుంది. ఏడ్చుకుంటారు, ఇంకో పనిలో పడతారు. మన గ్రూప్స్‌కు ప్రయత్నాల లెక్కే లేదు. 2022లో వయసు 34 నుంచి 44 చేశారు. 2024లో 46. బీసీ, ఎస్సీ, ఎస్టీలకు ఇంకో అయిదేళ్లు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం భయమేసింది. తలుపు ఎవరూ మూయకపోతే పిల్లలు గడప మీదే ముసలివాళ్లవుతారు.

మేనకోడలు: అది మాత్రం అన్యాయమైన మాట మామా. తెలంగాణ వచ్చాక మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ ఎప్పుడు పడింది? 2022లో. దానికి ముందుది 2011ది. అది కూడా సుప్రీంకోర్టు దాకా పోయి, 2016లో మెయిన్స్ మళ్లీ రాయించారు. పదకొండేళ్లు పరీక్షే పెట్టకపోతే ఆ పదకొండేళ్ల వయసు ఎవరు తిరిగిస్తారు? వయసు పెంచడం దయ కాదు, బాకీ తీర్చడం. మా గద్వాల వైపు పల్లెల్లోంచి డిగ్రీ దాకా వచ్చిన మొదటి తరం ఆడపిల్లకు ఇరవై రెండేళ్లకే ఈ పరీక్ష సంగతి తెలుస్తుందా? తెలిసి, ఇంట్లో ఒప్పించి, ఇక్కడికి వచ్చేసరికి ఇరవై ఎనిమిది. మెహదీపట్నంలో పుట్టినవాళ్ల గడువూ మా గడువూ ఒకటే పెడితే ఎలా?

మామయ్య: బాకీ తీర్చారనే అనుకుందాం. కానీ ఎలా తీర్చారు చూడు. పోయిన ఏళ్లు తిరిగి ఇవ్వలేదు, ఇంకొన్ని ఏళ్లు ఎదురుచూసే హక్కు ఇచ్చారు. రెండూ ఒకటేనా?

మేనకోడలు: ... కాదు.

మామయ్య: ఇంకో ప్రశ్న. నిజం చెప్పు. మానెయ్యడానికి నిన్ను ఆపుతున్నది ఉద్యోగం మీద ఆశేనా?

మేనకోడలు: ఆశ ఉంది. అది ఒక్కటే అంటే అబద్ధం. ఊళ్లో అప్పుడే డిప్యూటీ కలెక్టరమ్మ అని పిలుస్తున్నారు, వెటకారమో ప్రేమో తెలియదు. పండగకు పోతే, "ఎంతవరకు వచ్చింది?" అని అడగనివాళ్లు లేరు. చదువుతున్నాను అన్నంతకాలం పెళ్లి మాట వాయిదా వేయొచ్చు, అప్పు మాట వాయిదా వేయొచ్చు. మానేశాను అన్న రోజు అన్నీ ఒకేసారి మీద పడతాయి. చదువుతున్నాను అనేది కూడా ఒక ఉద్యోగమే మామా. జీతం లేదు, హోదా ఉంది.

మామయ్య: దీని మీద ఆలోచించాలి బిడ్డా. పరీక్ష కోసం ఉండడం ఒకటి, ఊరికి సమాధానం చెప్పలేక ఉండడం ఇంకొకటి. బయటికి రెండూ పట్టుదల లాగే కనిపిస్తాయి. నీకు మాత్రం తేడా తెలుస్తుంది.

మేనకోడలు: రోజును బట్టి. మాక్ టెస్ట్ బాగా రాసిన రోజు మొదటిది. రూమ్మేట్ సామాను సర్దుకుని వెళ్లిపోయిన రోజు రెండోది.

మామయ్య: అందుకే నిర్ణయం అలాంటి రోజు తీసుకోకూడదు. ముందే, కుదురుగా ఉన్న రోజు ఒక హద్దు గీసుకోవాలి. మా నిజాం రైల్వే 1932లో ఏం చేసిందో విన్నావా? ప్రైవేటు మోటారు బస్సులు ప్రయాణికులను లాక్కుపోతున్నాయని రైలు బళ్లు ఆపలేదు. తానే 27 బస్సులు కొని, 166 మందితో రోడ్డు రవాణా విభాగం పెట్టింది. అదే పెరిగి ఆర్టీసీ అయింది. పాతది మునిగాక కాదు, నడుస్తుండగానే కొత్తది మొదలుపెట్టారు.

మేనకోడలు: రైల్వే దగ్గర బస్సులు కొనే డబ్బుంది. సరే, వాదన కోసం కాదు, నిజంగా అడుగుతున్నా. నా పుస్తకం పక్కన పెట్టకుండా రెండో దారి ఎప్పుడు నేర్చుకోవాలి?

మామయ్య: పరీక్ష పెట్టినవాళ్లు నీకిచ్చిన ఖాళీలో. 2022 అక్టోబర్‌లో రాశాక ఫలితం, రద్దు, మళ్లీ తేదీ అనేదాకా ఎన్ని నెలలు? 2023 సెప్టెంబరులో కోర్టు కొట్టేశాక మళ్లీ నోటిఫికేషన్ పడడానికి అయిదు నెలలు. ఆ నెలల్లో ఏం చేశావు?

మేనకోడలు: చదివిందే చదివాను. ధర్నా చౌక్‌కు పోయాను. రాత్రుళ్లు టెలిగ్రామ్ గ్రూపుల్లో ఎవరేమంటున్నారో చూస్తూ కూర్చున్నాను.

మామయ్య: ఆ నెలలు నోటిఫికేషన్‌వి కావు, నీవి. నువ్వు వాటినీ వాళ్లకే రాసిచ్చావు. నా గొడవ గ్రూప్-1తో కాదు. నీ క్యాలెండర్ వాళ్ల చేతిలో పెట్టావు, అదీ గొడవ. సైటులో కొలతలు, బిల్లులు, ఎస్టిమేట్లు చేసినదానివి. ఇప్పుడవన్నీ కంప్యూటర్ మీద చేస్తున్నారట. ఆ ఖాళీ నెలల్లో ఎవరి దగ్గరైనా కూర్చుని నేర్చుకుంటే, మొదటి ప్రశ్నకు నీ దగ్గర జవాబుండేది.

మేనకోడలు: ఇది ఒప్పుకుంటా. కానీ హద్దు నేనే గీస్తా, నువ్వు కాదు. ఇదీ నా షరతు: వచ్చే మెయిన్స్‌లో పోయినసారి కంటే మార్కులు పెరగకపోతే ఆపేస్తా. నా చదువు నన్ను పైకి తీసుకుపోవడం లేదని అర్థం. పరీక్ష రద్దయితే మాత్రం ఆపను, అది నా లెక్కలోకి రాదు.

మామయ్య: సగం బాగుంది. వచ్చే మెయిన్స్ ఎప్పుడో ఎవరికీ తెలియదు, అంటే నీ హద్దు కూడా కమిషన్ చేతిలోనే ఉంది. రెండోది కూడా రాసుకో. ఏ తేదీలోగా నోటిఫికేషన్ రాకపోతే పనిలో చేరతావు? చేరాక రాయొద్దని ఎవడూ అనడు, సెలవు పెట్టి రాయి.

మేనకోడలు: ఆ తేదీ దాటాక, మర్నాడే నోటిఫికేషన్ పడితే?

మామయ్య: నీ ఖర్మ అంటారు ఊళ్లో. నేనైతే నీ మాట నువ్వు నిలబెట్టుకున్నావు అంటా. అలాంటి నష్టం జరగని గడువు ఉండదు బిడ్డా.

మేనకోడలు: తేదీ వేస్తా. ఏ తేదీ అన్నది ఇప్పుడు చెప్పను, నాన్నతో మాట్లాడి రాస్తా. కానీ నువ్వు రెండు పనులు చెయ్యాలి. రోడ్ లెర్నింగ్‌లో నీకు జీతం పడింది, నాకు పడదు. ఆ కంప్యూటర్ పని నేర్చుకునే ఫీజు, హాస్టల్ బిల్లు కొన్నాళ్లు నీ పెన్షన్‌లోంచి రావాలి. అప్పుగానే. రెండోది, ఊళ్లో ఎవరైనా ఎంతవరకు వచ్చిందని అడిగితే జవాబు నువ్వు చెప్పాలి, నేను కాదు.

మామయ్య: డబ్బు ఇస్తా. ఊరికి జవాబు చెప్పడమే కష్టం. మీ అత్తే మొదట అడుగుతుంది.

మేనకోడలు: అయితే ఆమెతోనే మొదలుపెట్టు. మారమని చెప్పడం నీకు తేలికైంది. మారినదాన్ని ఇంట్లోవాళ్ల ముందు వెనకేసుకురావడం కూడా అంతే తేలికగా చేస్తే, రెండో షరతు కింద సంతకం పెడతా.